వేతనము సరిగా వ్రాయుట – వార్ధక్యపు పెన్షను

పంటకోత ప్రయోగమును చూడని సభ్యులు మన సంఘములలో అరుదు. గ్రామములో కొన్ని పొలములను చీటీ వేసి యెంచి, అందు అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల మడిని త్రాళ్ళతో గుర్తించి, కోసి, నూర్చి, తూచి, ఆ తూనికను కాగితముపై వ్రాయుదురు. ఆ కాగితముపై నున్న అంకెయే గ్రామమంతటి దిగుబడిగా చెల్లును. పొలములో నిజముగా ఎంత పండినదని పిమ్మట ఎవ్వరును అడుగరు. పంటల బీమా నడచిన యేండ్లలో ఈ సంగతిని మన రైతులు నష్టపడియే నేర్చుకొనిరి. జీతము తీసికొను ఉద్యోగి విషయమును ఇట్టిదే. అతడు చేతికి పుచ్చుకొన్న సొమ్ము ఎంతయైనను, నెలనెల యజమాని పంపు పట్టీలో ఏ వేతనము వ్రాయబడినదో ఆ వేతనమును బట్టియే అతనికి ముసలితనమున పెన్షను నిర్ణయమగును.

ఇది ఉద్యోగుల గొడవ, సేద్యగాండ్రకు దీనితో పనియేమి యని కొందఱు తలపవచ్చును. కాని ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాల అడవి యంచు గ్రామములలో రైతు ఇంటనే ఒక కొడుకో, అల్లుడో జీతపు పనిలో నుండుట నేడు సామాన్యము. ఒకడు సారపాక కాగితపు మిల్లులో కంట్రాక్టరు క్రింద పనిచేయును. ఒకడు అశ్వారావుపేటలోనో అప్పారావుపేటలోనో పామాయిలు కర్మాగారమునకు పోవును. మఱియొకడు ఖమ్మము దిక్కున పత్తి జిన్నింగు మిల్లులోనో, మిర్చి నిలువచేయు శీతల గిడ్డంగిలోనో కుదురును. అదియుగాక మన సంఘము తానే యొక యజమాని. గుమాస్తా, ఎరువుల డిపో సేల్సుమను, గిడ్డంగి కాపలాదారు, వీరి జీతపు రిజిస్టరుపై సంతకము చేయునది మనము ఓటువేసి ఎన్నుకొన్న పాలకవర్గమే. ఆ సంతకమునకు అర్థమేమో తెలిసికొని చేయుట మంచిది.

ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు చట్టము 1952లో చేయబడెను. ఇరువదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలకు అది వర్తించునట్లు ఏర్పాటు జరిగినది. 1971లో కుటుంబ పెన్షను పథకమును, దాని స్థానమున 1995 నవంబరు 16వ తేది నుండి ఉద్యోగుల పెన్షను పథకమును వచ్చెను. సామాన్యముగా ఉద్యోగి వేతనములో నూటికి 12 వంతున అతని జీతము నుండి తీసి, యజమాని తన సొమ్ము నుండి మఱియొక 12 వంతున కలిపి కట్టవలెను. యజమాని వంతులో 8.33 పాళ్ళు పెన్షను నిధికి పోవును, మిగిలిన 3.67 పాళ్ళు ఉద్యోగి ప్రావిడెంటు ఖాతాకు చేరును. పెన్షను లెక్కకు తీసికొను వేతనమునకు ఒక పైహద్దు కలదు. అది 2001 జూన్ నుండి 6,500 రూపాయలుగ నుండి, 2014 సెప్టెంబరు 1వ తేది నుండి 15,000 రూపాయలుగా నిర్ణయింపబడినది.

ఇక పెన్షను కట్టు సూత్రము. ఉద్యోగి చివరి 60 నెలల వేతనపు సగటును, అతని సర్వీసు సంవత్సరములతో గుణించి, 70 చేత భాగింపవలెను. వచ్చినది నెలకు పెన్షను. కనీసము పదేండ్ల సర్వీసు ఉండవలెను. పూర్తి పెన్షనుకు 58 ఏండ్లు నిండవలెను. ఇరువది యేండ్లు లేక అంతకు మించి సర్వీసు చేసి 58వ యేట విరమించువానికి లెక్కలో మఱి రెండేండ్లు కలిపెదరు.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఒక గిడ్డంగి కాపలాదారు 2015 ఏప్రిలు 1వ తేదిన పనిలో చేరి, 2035 మార్చి ఆఖరున 58 ఏండ్లు నిండి విరమించునని అనుకొందము. చివరి అయిదేండ్లలో అతడు నెలకు పుచ్చుకొను వేతనము 14,000 రూపాయలు. ఇరువది యేండ్ల సర్వీసునకు రెండు కలుపగా 22. పదునాలుగు వేలను 22 చేత గుణించి 70 చేత భాగించిన 4,400 రూపాయలు. ఇప్పుడు యజమాని పట్టీలో 9,000 మాత్రమే మూలవేతనమని చూపి, మిగిలిన 5,000 ‘ఇతర భత్యములు’ అని వేఱు గడిలో వ్రాసెను. తొమ్మిది వేలను 22 చేత గుణించి 70 చేత భాగించిన 2,829 రూపాయలు. నెలకు 1,571 రూపాయల నష్టము. ఏడాదికి పందొమ్మిది వేలకు కొంచెము తక్కువ. ఆ మనిషి విరమించిన పిమ్మట పండ్రెండేండ్లు బ్రదికిన యెడల రెండులక్షల ఇరువదియారు వేల రూపాయలు. అతడు గతించిన పిమ్మట భార్యకు వచ్చునది అతని పెన్షనులో సగము గనుక, ఆమెకును సగము తఱుగు తప్పదు. కనీస పెన్షను 1,000 రూపాయలని 2014 సెప్టెంబరు నుండి నియమము కలదు గాని, వేయి రూపాయలతో నెల గడచునా యన్నది చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

చివరి అయిదేండ్లే గదా లెక్కకు వచ్చునది, అప్పుడు సరిగా వ్రాయుదమని యొక సంఘ కార్యదర్శి నాతో వాదించెను. తెలివిగల మాట వలె వినబడును. కాని ప్రావిడెంటు ఖాతాలో ప్రతి నెల పడవలసిన సొమ్ము ఆ ముందటి పదునైదేండ్లును తక్కువగానే పడును. పై యుదాహరణములో అయిదువేల రూపాయలు దాచినందున ఉద్యోగి వంతు 600, యజమాని వంతులో 183, మొత్తము 783 రూపాయలు నెలనెల ఖాతాకు రాకపోవును. దాని వడ్డీయు రాదు. మఱియు మరణము చివరి అయిదేండ్ల వఱకు ఆగునను పూచీ యెవ్వరిచ్చిరి? పనిలో నుండగా ఉద్యోగి చనిపోయినచో అతని కుటుంబమునకు బీమా సొమ్ము వచ్చును. 2021 నుండి అది గరిష్ఠముగా ఏడులక్షలు. అందు ప్రధానభాగము చివరి పండ్రెండు నెలల సగటు వేతనమునకు 35 రెట్లు. వేతనము 14,000 అని వ్రాసియున్న 4,90,000. 9,000 అని వ్రాసియున్న 3,15,000. లక్షా డెబ్బదియయిదు వేల రూపాయలు ఒక్క గడిలోని అంకె వలన ఆ విధవరాలికి అందకుండ పోవును.

ఇంతటి నష్టముండగా ఉద్యోగులు ఏల ఊరకుందురు? ఇందు యజమానిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. వేతనము తక్కువ చూపినచో యజమానికి నెలకు 600 రూపాయలు మిగులును. ఉద్యోగి జీతములోనుండియు 600 తక్కువగా తీయబడును గనుక అతని చేతికి అంత ఎక్కువ వచ్చును. ఇరువురును సమ్మతించిన తప్పు గనుక ఎవ్వరును పలుకరు. ఎరువుల బాకీ, పిల్లల ఫీజు ఎదుట నిలిచియున్నవానికి ఇరువదియేండ్ల తరువాతి పెన్షను కనబడదు. విత్తనపు గింజలను వండుకొని తినువాడు ఆకలితో తినుచున్నాడే గాని తెలివితక్కువచేత కాదు. అయినను వండిన గింజ మొలకెత్తదు. అందుచేత ఈ లెక్కను ఉద్యోగిని కూర్చుండబెట్టి, అతని జీతపు అంకెలతోనే వేసి చూపవలెనని నా అభిప్రాయము. అంకె తన కన్నులతో చూచిన పిమ్మట ఆరువందల కొఱకు పట్టుపట్టువారు తక్కువ.

భత్యముల పేరు పెట్టి వేతనమును చీల్చుట చట్టసమ్మతమే యని కొందఱు లెక్కగాండ్రు చెప్పెదరు. 1952 చట్టములో ఇంటి అద్దె భత్యము, ఓవరుటైము, బోనసు, కమీషను మొదలగునవి మూలవేతనములో చేరవని యున్నమాట నిజమే. అయితే సుప్రీముకోర్టువారు 2019 ఫిబ్రవరి 28వ తేదిన వివేకానంద విద్యామందిర్ మొదలగు వ్యాజ్యములలో దీనిని తేల్చిరి. ఉద్యోగులందఱికిని సామాన్యముగా ఇచ్చుచున్న భత్యమునకు ఏ పేరు పెట్టినను అది మూలవేతనములో భాగమే. ఎక్కువ పని చేసినందుకో, ప్రత్యేకమైన పనికో కొందఱికి మాత్రము ఇచ్చినదని యజమాని చూపగలిగిన భత్యమే వెలుపల నుండును. కాపలాదారునకును, గుమాస్తాకును, సేల్సుమనుకును ఒకే రీతిగా నెలనెల ‘ప్రత్యేక భత్యము’ ఇచ్చుచుండిన, అందు ప్రత్యేకత యేమున్నది? 2025 నవంబరు 21వ తేదిన అమలులోనికి తేబడిన నూతన కార్మిక స్మృతులలో, మినహాయింపబడు భత్యములన్నియు కలిసి మొత్తము ప్రతిఫలములో సగమును మించినచో, మించిన భాగమును వేతనముగానే యెంచవలెనని చెప్పబడినది. దీనినిబట్టి సగము వఱకు దాచుకొనవచ్చునని అర్థము చెప్పుకొనుట పొరపాటు.

వేతనపు అంకె యొకటి. దినముల అంకె మఱియొకటి. దీనిని గూర్చి పట్టించుకొనువారు మిక్కిలి తక్కువ గనుక కొంచెము నిలిచి చెప్పెదను. నెలవారీ పట్టీలో వేతనము రాని దినములకొక గడి యున్నది. ఉద్యోగి జీతము లేని సెలవులో నున్న దినములు అందు వ్రాయుదురు. ఆ దినములు సర్వీసులో నుండి తీసివేయబడును. పై కాపలాదారు ఏడాదికి ముప్పది దినములు ఇట్లు పోగొట్టుకొన్నాడని, లేక గుమాస్తా అజాగ్రత్తగా అట్లు వ్రాసెనని అనుకొందము. ఇరువదియేండ్లలో 600 దినములు. సర్వీసు పదునెనిమిది సంవత్సరముల నాలుగు మాసములకు దిగును. ఆరునెలలకు తక్కువైన తునక లెక్కకు రాదు గనుక 18 మాత్రమే నిలుచును. ఇరువది నిండలేదు గనుక కలుపవలసిన రెండేండ్లును కలియవు. అప్పుడు 14,000 సగటు వేతనము మీదనే పెన్షను 4,400కు బదులు 3,600 అగును. జీతము ఒక్క పైసయు దాచకున్నను నెలకు 800 రూపాయలు తఱిగెను. సెలవు నిజముగా జీతము లేనిదే యైన వ్రాయక తప్పదు. జీతముతో కూడిన సెలవును, వారపు సెలవును, పండుగ సెలవును ఈ గడిలో వేయుట మాత్రము ఉద్యోగికి ద్రోహము.

కాలపు పనులు చేయువారికి పథకములోనే ఒక మేలు కలదు. పత్తి జిన్నింగు వంటి సంస్థలలో ఋతువును బట్టి పనిచేయువాని సర్వీసు, ఆ యేట పూర్తి సంవత్సరము లేకున్నను, పూర్తి సంవత్సరముగనే లెక్కింపబడును. అందుకు అతడు ఋతుపు పనివాడని రికార్డులో నుండవలెను. నాలుగు నెలలు పనిచేయించి, ఆఖరున పని మానినట్లు తేది వేసి, మఱుచటి యేడు క్రొత్తవానిగ చేర్చుకొనుట కొన్ని తావుల జరుగుచున్నది. ఈ విధముగ ప్రతియేటను తెగిపోయిన సర్వీసును పిమ్మట అతుకుట బహుకష్టము.

పేరు, పుట్టినతేది అను రెండును మన ప్రాంతమున ప్రత్యేకముగ తొందర పెట్టుచున్నవి. కోయ సోదరుల ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను, మఱియొకచోట పొడి అక్షరముగను ఉండును. పుట్టినతేది బడిలో చేర్చునాడు పంతులుగారు ఉజ్జాయింపుగ వేసినది. ఆధారు కార్డులో వేఱొకటి. మిల్లు రిజిస్టరులో ఇంకొకటి. 58 ఏండ్లు ఎన్నడు నిండునో ఆ తేదినిబట్టియే గదా తేలవలసినది! ఉద్యోగి పనిలో నుండగా, యజమాని బ్రదికియుండగా, సంస్థ తలుపులు తెఱచియుండగా, ఇరువురును కలిసి సవరణకు దరఖాస్తు పంపుట సులభము. సంస్థ మూతపడిన పిమ్మట సంతకము పెట్టువాడు దొరకడు. 2014లో భద్రాచలము చుట్టునున్న మండలములు ఆంధ్రప్రదేశములో చేర్చబడినందున, ఇల్లు ఒక రాష్ట్రమునను పని యొక రాష్ట్రమునను ఉన్నవారు మనలో పెక్కురు. వారు భయపడనక్కఱలేదు. 2014 నుండి ఇచ్చుచున్న పండ్రెండంకెల సార్వత్రిక ఖాతా సంఖ్య యజమాని మాఱినను, రాష్ట్రము మాఱినను ఒక్కటియే. ప్రతి క్రొత్త యజమానికి ఆ పాత సంఖ్యనే చెప్పవలెను. క్రొత్త సంఖ్య తీసికొన్నవాని సర్వీసు రెండు తునకలగును. ఒక్కొక్క తునక పదేండ్లకు లోబడినచో రెండింటిని కలుపుకొను వఱకు పెన్షనే లేదు.

కంట్రాక్టరు క్రింద పనిచేయువారి విషయమున ఒక్కమాట. కంట్రాక్టరు కట్టకున్న ప్రధాన యజమాని కట్టవలసియుండును. కట్టి, ఆ సొమ్మును కంట్రాక్టరు బిల్లులో పట్టుకొనవచ్చును. యజమాని వంతును పనివాని కూలిలో నుండియే కోయుట నిషిద్ధము. పనివాని వంతును కోసికొని నిధికి కట్టకుండుటను చట్టము నమ్మకద్రోహపు నేరముగ నెంచినది.

పాత రిజిస్టర్లను గూర్చి చెప్పవలసియున్నది. 2022 నవంబరు 4వ తేదిన సుప్రీముకోర్టువారిచ్చిన తీర్పువలన, పైహద్దును మించిన నిజవేతనముపై వంతులు కట్టుచు వచ్చిన అర్హులకు, ఆ నిజవేతనముపైననే పెన్షను కోరుకొను అవకాశము కలిగెను. దరఖాస్తులకు 2023 జూలై 11 వఱకు గడువు నిచ్చిరి. దేశమంతట 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చెను. పిమ్మట యజమానులు ఒక్కొక్క ఉద్యోగి యొక్క ప్రతి నెల వేతనమును వెనుకటి యేండ్ల నుండి తీసి పంపవలసివచ్చెను. ఆ పని తెమలక గడువును మఱల మఱల పొడిగించుచు 2025 జనవరి 31 వఱకు తెచ్చిరి. ఇరువదియేండ్ల నాటి జీతపు పుస్తకము చెదలు తినిపోయిన సంస్థ ఏమి పంపగలదు? మన గిడ్డంగులలో చెదలకు కొదువ లేదు. విత్తనపు సంచులను చెక్కపై పేర్చి గోడకు జానెడు దూరముగ ఉంచుడని నేను ఏటేట చెప్పుచుందును. జీతపు రిజిస్టర్లకును అదే మర్యాద చేయవలెను. సంఘపు లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి గదా యని పాత పుస్తకములను పారవేయరాదు. కంప్యూటరులో ఎక్కినది ఎక్కిన తేది తరువాతి లెక్కయే.

మన సంఘమునకు ఈ చట్టము వర్తించునా యని పాలకవర్గమువారు అడుగవచ్చును. ఏబదిమందికి తక్కువ పనివారుండి, విద్యుత్తు మొదలగు యంత్రశక్తి సహాయము లేక నడచు సహకార సంఘములను 1952 చట్టపు 16వ ప్రకరణము మినహాయించెను. సంఘము మోటారుతో ధాన్యపు మిల్లు నడుపుచు ఇరువదిమందిని ఉంచుకొన్నచో ఈ మినహాయింపును నమ్ముకొనరాదు. ఇరువదికి లోబడిన సంఘమైనను, యజమానియు ఉద్యోగులలో ఎక్కువమందియు ఒప్పుకొన్న యెడల తమంత తాము చేరుటకు ఆ చట్టములోనే వీలు కల్పింపబడినది. నలుగురైదుగురు ఉద్యోగులు గల సంఘము సైతము ఈ సంగతిని సర్వసభ్య సమావేశములో ఒకసారి చర్చకు పెట్టుట ఉచితము. ధాన్యపు కొనుగోలు వేళ రాత్రి పండ్రెండు గంటల వఱకు సంచులు లెక్కించు గుమాస్తా ముసలితనమును గూర్చి సభ్యులు ఒక అర్ధగంట ఆలోచించిన నష్టములేదు.

సింగరేణి గనులలో శాశ్వతపు పనిలో నున్నవారి సంగతి వేఱు. బొగ్గు గనులవారికి 1948లోనే ప్రత్యేకముగ ప్రావిడెంటు ఫండు చట్టము వచ్చెను. 1998 నుండి వారికి వేఱు పెన్షను పథకమున్నది. ఈ వ్యాసములోని సూత్రము వారికి వర్తింపదు.

ఉద్యోగి తన లెక్కను తాను చూచుకొనుట నేడు కష్టము కాదు. ప్రతి నెల పట్టీ మఱుచటి నెల 15వ తేదిలోగ పంపవలెను గనుక, ఇరువదవ తేది తరువాత తన ఖాతాకు జతపఱచిన ఫోను నుండి 9966044425కు మిస్డుకాలు ఇచ్చినచో చివరగా పడిన సొమ్ము సందేశముగ వచ్చును. సొమ్ము పడినదని తృప్తి చెందక, పాసుపుస్తకములో వేతనపు గడిని తెఱిపించి చూడవలెను. చదువు రానివారికి ఇంటనున్న విద్యార్థి చూపగలడు. పెన్షను గడిలోని సొమ్మును 100 చేత గుణించి 8.33 చేత భాగించిన, యజమాని ఏ వేతనము చూపెనో తెలియును. ఆ గడిలో 750 అని యున్న, వ్రాసిన వేతనము 9,000. 1,166 అని యున్న 14,000. 1,250 అని యున్న 15,000.

భేదము కనబడినచో మొదట యజమానినే అడుగవలెను. పెక్కు తప్పులు గుమాస్తా చేతి జారుపాటులే, వ్రాతపూర్వకముగ అడిగిన దిద్దుకొందురు. దిద్దనిచో 2023 జనవరి నుండి ప్రతి నెల 27వ తేదిన ప్రావిడెంటు ఫండు శాఖవారు జిల్లాలలో ‘నిధి ఆప్కే నికట్’ అను శిబిరములు పెట్టుచున్నారు. 27 సెలవుదినమైన మఱుచటి పనిదినమున జరుగును. పోవువారు జీతపు చీటీలును, బ్యాంకులో జీతము పడిన పత్రమును, ఆధారు కార్డును వెంట తీసికొనిపోవలెను. జీతము నగదుగ పుచ్చుకొను వారికి ఈ రుజువు దొరకదు గనుక, జీతమును బ్యాంకు ఖాతాకే వేయుడని యజమానిని ముందుగనే కోరియుండవలెను.